చిరునామా లేని రికార్డు

సేకరణాభిరుచి మానవునికి సహజము. ఒకరు పాత నాణెములు కూర్చుకొందురు; ఒకరు తపాలా బిళ్ళలను పుస్తకములలో అతికించి మురిసిపోవుదురు; మరియొకరు తాళపత్ర గ్రంథములకై ఊరూర తిరుగుదురు. ఈ మువ్వురి గుణములును ఒక్కచోట చేరిన మరియొక వర్గము కలదు. వారు గ్రామఫోన్ రికార్డుల సేకర్తలు. వారిలోను, ఏడంగుళముల వ్యాసము గలిగి ప్రక్కకొక పాట చొప్పున రెండు పాటలు మాత్రమే గల ‘సింగిల్’ రికార్డులను వెదకువారి పట్టుదల చూచినచో ఆశ్చర్యము కలుగును. పాట ఒకటే, పాడినవారు ఒకరే, వెలువడిన సంవత్సరమును ఒకటే. అయినను ఒక ప్రతిని అడుగువాడుండడు. దాని కవల సోదరునివలె కనబడు మరియొక ప్రతికై సముద్రములు దాటి బేరములు సాగును. ఈ వ్యత్యాసమునకు మూలమేమో వివరించుటకు మేము ఒకే ఒక సంగీతబృందమును ఉదాహరణముగా గైకొనుచున్నాము. అది అమెరికా దేశపు ‘ఆర్.ఇ.ఎం.’ అను రాక్ సంగీతబృందము.

ఎన్నియో బృందములుండగా దీనినే ఏల ఎన్నుకొంటిమని పాఠకులు అడుగవచ్చును. ఈ బృందము ఒక కళాశాల పట్టణమున పుట్టినది. కళాశాల విద్యార్థులు నడుపుకొను రేడియో కేంద్రముల వలన పెరిగినది. సినిమా వలె, పెద్ద కంపెనీల ప్రకటనల వలె గాక, ఒకరి నుండి ఒకరికి చెప్పుకొనగా వ్యాపించిన ఆ సంగీతమునకు తరువాతి కాలమున ‘ఆల్టర్నేటివ్ రాక్’ అను పేరు స్థిరపడినది. బజారులో చెల్లుబడియగు బాణీకి ప్రత్యామ్నాయమని దాని భావము. కళాశాల పత్రికలో దాని ముచ్చట చోటు చేసికొనుట అసందర్భము కాదని మా తలంపు.

మొదట సింగిల్ అనగా ఏమో తెలిసికొందము. మన తాతల నాటి ప్లేట్లు లక్క కలిపి చేసినవి. నిమిషమునకు 78 చుట్లు తిరుగునవి. చేయి జారినచో పెంకులగునవి. 1948లో కొలంబియా కంపెనీ నిమిషమునకు ముప్పదిమూడుంబావు చుట్లకు కొంచెము మించి తిరుగు పెద్ద రికార్డును, మరుసటి సంవత్సరము ఆర్.సి.ఏ. విక్టర్ కంపెనీ 45 చుట్లు తిరుగు ఏడంగుళముల చిన్న రికార్డును ప్రవేశపెట్టినవి. ఈ రెండును వినైల్ అను ప్లాస్టిక్ జాతి పదార్థముతో చేసినవి. ఈ చిన్న రికార్డే సింగిల్. పేరు లేని కుర్రవాండ్రకు ఇది వరప్రసాదము. పన్నెండు పాటలకు స్టూడియో అద్దె భరింపలేనివారు రెండు పాటలకు భరింపగలరు. రెండు పాటలను రికార్డు చేయించి, కొన్ని వందల ప్రతులు అచ్చొత్తించి, పత్రికలకును రేడియో కేంద్రములకును తపాలాలో పంపి, అదృష్టమునకై ఎదురుచూతురు. ఒక విధముగా అది అర్జీపత్రము వంటిది.

జార్జియా రాష్ట్రమున ఏథెన్స్ అను పట్టణము కలదు. అచటనే జార్జియా విశ్వవిద్యాలయము. అదే రాష్ట్రములోని అట్లాంటాలో నేడు మన తెలుగువారు వేలకొలది స్థిరపడియున్నారు గనుక ఆ పరిసరములు మన పూర్వవిద్యార్థులలో కొందరికైనను పరిచితములే యగును. ఏథెన్స్‌లో ‘వక్స్‌ట్రీ’ అను రికార్డుల దుకాణములో పీటర్ బక్ అను యువకుడు గుమాస్తాగా పనిచేయుచుండెను. మైకేల్ స్టైప్ అను చిత్రకళా విద్యార్థి అచటికి తరచుగా వచ్చి రికార్డులు కొనుచుండెను. బక్ తనకై ప్రక్కకు తీసి దాచుకొన్న రికార్డులనే ఈతడు వచ్చి కొనిపోవుచుండుటచే ఇరువురికిని స్నేహము కుదిరినదట. వీరికి మైక్ మిల్స్, బిల్ బెరీ అను మరి ఇద్దరు విద్యార్థులు తోడైరి. 1980 ఏప్రిల్ 5వ తేదీన, ఆరాధనలు ఆగిపోయిన ఒక పాత చర్చి భవనములో, స్నేహితురాలి జన్మదినపు విందులో నలువురును మొదటిసారి పాడిరి. పేరును నిఘంటువు తెరచి యాదృచ్ఛికముగా ఎన్నుకొనిరి. నిద్రలో కనుగ్రుడ్లు వడివడిగా కదలు స్థితికి ఆంగ్లమున వాడు మూడక్షరముల సంక్షేపమది. రికార్డుల పిచ్చి కలిపిన ఈ బృందపు రికార్డులకై పిమ్మట లోకమంతట పిచ్చి పట్టుట గమనింపదగినది.

1981 ఏప్రిల్ మాసములో వీరు ఉత్తర కరోలినాలోని విన్‌స్టన్-సేలమ్ నగరమునకు పోయి, మిచ్ ఈస్టర్ అను సంగీతజ్ఞుడు తన తల్లిదండ్రుల కారు గ్యారేజీలో నెలకొల్పుకొన్న స్టూడియోలో రెండు పాటలు రికార్డు చేసిరి. ఒకటి ‘రేడియో ఫ్రీ యూరప్’, రెండవది ‘సిటింగ్ స్టిల్’. మొదటి పాటకు పెట్టిన పేరు 1950లో ప్రసారములు ప్రారంభించిన అమెరికా పక్షపు రేడియో కేంద్రమునిది. తూర్పు ఐరోపా దేశముల శ్రోతలకై అది నెలకొల్పబడినది. పాటలోని పదములు మాత్రము స్పష్టముగా వినబడవు. స్టైప్ పదములను పూర్తిగా వ్రాసికొనకయే పాడినాడని చెప్పుదురు. భాషాబోధకులమైన మాకు ఇది కొంత చిరాకు కలిగించు విషయమే గాని, నాదమే ముందు, పదము వెనుక అనుట మన ఆలాపన ఎరిగినవారికి క్రొత్తగాదు.

జానీ హిబర్ట్ అను అట్లాంటా నగరపు న్యాయశాస్త్ర విద్యార్థి ‘హిబ్-టోన్’ అను చిన్న సంస్థను స్థాపించి ఈ రికార్డును 1981 జూలైలో వెలువరించెను. దాని సంఖ్య హెచ్.టి. 0001. అనగా సంస్థకును తొలి చూలే. మొదట అచ్చొత్తినవి 1,000 ప్రతులు. అందులో 600 పత్రికలకును రేడియోలకును ఉచితముగా పంపబడినవి. మిగిలినవి 400. తమాషా యేమనగా, ఈ మొదటి ముద్రణలో సంస్థ చిరునామా వేయుటయే మరచిరి! పాట విని మెచ్చి, ప్రతి కావలెనని కోరువాడు ఎవరికి వ్రాయవలెను? విమర్శకులు మెచ్చుకొనిరి; విద్యార్థి రేడియోలు మరల మరల వినిపించినవి; కొనదలచినవానికి మాత్రము దారి దొరకలేదు. తరువాత చిరునామా చేర్చి సుమారు 6,000 ప్రతులు అచ్చొత్తిరి. నాడు సంస్థకు బేరములు పోగొట్టిన ఆ మరపే నేడు మొదటి ముద్రణకు ఆనవాలై, దాని విలువను పెంచినది. సేకర్త రికార్డును చేతికి తీసికొనగానే వెదకునది పాటను గాదు, లేని చిరునామాను.

ఇట్టి భేదములు ఎట్లు పుట్టునో గ్రహించుటకు రికార్డు తయారీని కొంచెము తెలిసికొనవలెను. అల్యూమినియము పళ్ళెముపై మెత్తని లాకర్ పూత పూసి, దానిపై సూదితో గాడి చెక్కుదురు. శబ్దము ఏ విధముగా కంపించినదో ఆ విధముగనే గాడి వంకరలు తిరుగును. ఆ పళ్ళెముపై వెండి పలుచగా పట్టించి, దానిపై విద్యుత్ సహాయమున నికెల్ పోత పోసి, ఊడదీసినచో గాడికి బదులు గట్టు గల లోహపు అచ్చు వచ్చును. దీనిని తండ్రి యందురు. తండ్రి నుండి తీసిన గాడి గల ప్రతి తల్లి. తల్లి నుండి తీసిన గట్టు గల అచ్చులు రికార్డులను ఒత్తుటకు పనికివచ్చును. వేడి వినైల్ ముద్దను రెండచ్చుల నడుమ నుంచి ఒత్తినచో క్షణములలో రికార్డు తయారగును. అచ్చు అరుగుచుండును, అరిగిన అచ్చునకు బదులు క్రొత్త దానిని బిగింతురు. పెద్ద కంపెనీ రికార్డైనచో వేర్వేరు ఊళ్ళ కర్మాగారములలో వేర్వేరు అచ్చులతో ఒత్తుటయు కలదు. లేబులు కాగితము ఒకచోట, కవరు మరియొకచోట అచ్చగును. ఇన్ని చేతులు మారునపుడు ఎచటనో ఒకచోట అక్షరము తప్పును, రంగు మారును, చిరునామా జారిపోవును.

పాట ముగిసిన తరువాత, లేబులునకు ముందు, పాట లేని నున్నని వలయమొకటి ఉండును. సామాన్య శ్రోతకు అది వట్టి ఖాళీ స్థలము. సేకర్తకు అదియే జాతక చక్రము. అచ్చు సంఖ్య, కొన్నిచోట్ల చెక్కినవాని పొడి అక్షరములు, ఒక్కొక్కపుడు చిలిపి వాక్యమొకటి అచట సూదితో గీయబడియుండును. లేబులును మార్చవచ్చును, కవరును మార్చవచ్చును. ఈ గీతలు మాత్రము అచ్చుతో పుట్టినవి. మన ఇండ్లలోని పాత ప్లేట్లపైనను ఈ అంకెలు కలవు. వానిని చూడక, బరువు లెక్కన పాత సామానులవానికి వేసినవారిని మేమెరుగుదుము. ఆ గోనెసంచిలో ఏ హరికథ పోయినదో, ఏ నాటకపు పద్యము పోయినదో చెప్పగలవారు లేరు.

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఇదంతయు పరిచితమైన మార్గమే. వేమన పద్యముల వ్రాతప్రతులను పెక్కింటిని సంపాదించి, ఒకదానితో నొకటి పోల్చి, పాఠాంతరములు పరిశీలించి బ్రౌను దొర 1829లో ముద్రించిన సంగతి మనకు తెలియును. లేఖకుని చేతప్రమాదము ఏ ప్రతి ఏ ప్రతికి బిడ్డయో చెప్పుచున్నట్లే, ముద్రణ దోషము రికార్డు వంశవృక్షమును చెప్పును. తప్పు లేని ప్రతి అందరి వంటిది. తప్పు గల ప్రతికి చరిత్ర ఉన్నది. అయితే పరిష్కర్త తప్పును దిద్దుటకై వెదకును, రికార్డు సేకర్త దాచుటకై వెదకును. ఈ భేదమును మరువరాదు.

ఇక సంగీతమునకు సంబంధించిన పాఠాంతరము మరింత ఆసక్తికరమైనది. హిబ్-టోన్ రికార్డు ధ్వని బృందమునకు నచ్చలేదు. గాత్రమును వాద్యములను కలిపి తూకము చూచుటలో ఈస్టర్ చేసిన కూర్పును వారు మెచ్చిరి. హిబర్ట్ చేసిన కూర్పు వెలువడినది. డబ్బు పెట్టినవాని మాటయే చెల్లినదన్నమాట. ఆపై లాకర్‌పై చెక్కునపుడును ధ్వని మసకబారినది. పీటర్ బక్ కోపము పట్టలేక ఒక ప్రతిని విరుగగొట్టి, దాని కవరును గోడకు అంటించినాడని చెప్పుదురు. 1982లో ఐ.ఆర్.ఎస్. అను కంపెనీలో చేరిన తరువాత, 1983 నాటి ‘మర్మర్’ అను తమ మొదటి పెద్ద రికార్డు కొరకు అదే పాటను మరల మొదటినుండి పాడి, నిదానమైన నడకతో రికార్డు చేసిరి. ఆ రెండవ పాఠమునే లోకము ఎక్కువగా విన్నది.

కవి తాను దిద్దిన పాఠమును ప్రకటించిన తరువాత, త్రోసిపుచ్చిన మొదటి పాఠమును వెలికితీయుట న్యాయమా? ఇది సాహిత్యమున ఎడతెగని చర్చ. ఆర్.ఇ.ఎం. విషయమున కాలమే కొంత తీర్పు చెప్పినది. 1988లో వెలువడిన ‘ఎపానిమస్’ అను సంకలనమున బృందము వారే 1981 నాటి పాఠమును చేర్చిరి. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, చిరకాలము భద్రపరుపదగిన శబ్దముల పట్టికలో, 2009 సంవత్సరపు జాబితాయందు, ‘రేడియో ఫ్రీ యూరప్’కు స్థానమిచ్చినది. అచట పేర్కొన్నది 1983 నాటి మెరుగుపెట్టిన పాఠము గాదు, 1981 నాటి మసక పాఠము. కళాశాల రేడియోల ద్వారా ఒక స్వతంత్ర బృందము పైకి వచ్చుటకు అది దారి చూపినదని కారణము చెప్పిరి. ఆ దారి ఎట్లు ప్రారంభమైనదో వినవలెనన్నచో ఆ తొందరపాటు నడక, ఆ మసక ధ్వనియే వినవలెను. తొలి రోజులలో ఆ ప్రతులను పారవేయక పెట్టెలలో దాచుకొన్న అనామకుల ఋణము ఇందు కొంత ఉన్నదని మేము గట్టిగా నమ్ముచున్నాము. రచయితకు తన రచనను దిద్దుకొను హక్కు కలదు. చెరిపివేయు హక్కు మాత్రము, ఒకసారి లోకమునకిచ్చిన తరువాత, సంపూర్ణముగా లేదు.

ఈ బృందపు అరుదైన సింగిల్స్‌లో మరియొక తెగ కలదు. 1988 నుండి బృందము విడిపోయిన 2011 వరకు, తమ అభిమాన సంఘ సభ్యులకు ప్రతి క్రిస్మస్‌కును ఒక కానుక పంపుచు వచ్చిరి. మొదటి సంవత్సరపు కానుక ఏడంగుళముల రికార్డు. ఒక ప్రక్క కొయ్య సిపాయిల కవాతును గూర్చిన పాత పండుగ పాట, మరియొక ప్రక్క టెలివిజన్ అను న్యూయార్కు బృందము వారి పాట ‘సీ నో ఈవిల్’. ఇవి దుకాణములలో అమ్మబడలేదు. సభ్యుడైనవానికే తపాలాలో చేరినవి. అందుచేత ఎంత ధనము గలవాడైనను నాడు వీనిని కొనలేడు. చందా కట్టి సభ్యుడైన పేద విద్యార్థి ఇంటికి మాత్రము తపాలా జవాను తెచ్చి ఇచ్చెను. ఇందలి న్యాయము మాకు చాల నచ్చినది. చివరి సంవత్సరములలో కానుకలు కొన్ని సీడీలు మొదలగు రూపములను దాల్చినవి; సేకర్తల మనసు మాత్రము తొలినాటి రికార్డుల మీదనే.

పత్రికలతో ఉచితముగా వచ్చిన పలుచని, వంగెడు రికార్డులును ఉన్నవి. వీనిని ఫ్లెక్సీ డిస్కులందురు. 1985లో ‘బకెట్‌ఫుల్ ఆఫ్ బ్రెయిన్స్’ అను బ్రిటిష్ పత్రికతో ‘టైటెన్ అప్’ అను పాట గల ఇట్టి రికార్డు వచ్చినది. పత్రికను చదివి పడవైచిన యింట రికార్డును పోయినది. కాగితమువలె మడత పడునది గనుక నిలిచిన ప్రతులలోను సరిగా పలుకునవి కొద్ది.

అరుదుదనము రెండు విధములని ఇంతవరకు చెప్పినదానిబట్టి తేలుచున్నది. పేదరికము వలన, మరపు వలన, నాశనము వలన తనంతట ఏర్పడినది యొకటి. ముందే లెక్కించి ఏర్పరచినది యొకటి. రెండవదానికి ప్రసిద్ధమైన ఉదాహరణము 1988 నవంబరులో సియాటిల్ నగరపు సబ్ పాప్ సంస్థ వెలువరించిన నిర్వాణ బృందపు మొదటి సింగిల్ ‘లవ్ బజ్’. 1,000 ప్రతులు ఒత్తించి, ప్రతిదానిపైనను చేతితో అంకె వేసిరి. నెలకొక రికార్డు చొప్పున చందాదారులకు పంపు పథకమునకు అది ప్రారంభము. ఎన్నవ ప్రతి తమకు దక్కినదో చూచుకొను సరదా అందున్నది. వ్యాపారపు తెలివి యని దానిని తీసివేయనక్కరలేదు. ఆ డబ్బుతోనే ఆ చిన్న సంస్థ నిలిచినది. అయినను మా మనసు చిరునామా మరచిన రికార్డు వైపే మొగ్గుచున్నది.

విలువ పెరిగినచోట నకిలీ పుట్టుట లోకసహజము. నిర్వాణ సింగిల్‌కు నకిలీలు ప్రబలినవి. నకిలీకారులు అసలు కవరును ఫోటో తీసి మరల అచ్చు వేయుదురు. అట్లు చేసినపుడు చిన్న అక్షరముల అంచులు పొగబారును. బొమ్మలోని సన్నని ఛాయలు నల్లముద్దలగును. చేతితో గీసిన గీతలుండవలసిన వలయములో యంత్రాక్షరములు కనబడును, లేదా ఏమియు కనబడదు. అసలు ప్రతిని ఒక్కసారి చేతపట్టి చూచినవాడు తేలికగా మోసపోడు. బొమ్మలు మాత్రమే చూచి బేరమాడువాడు మోసపోవుటకు అవకాశము మెండు.

రికార్డు స్థితిని చెప్పుటకు వ్యాపారులలో ఒక పరిభాష కలదు. అమెరికాలో 1974లో మొదలైన ‘గోల్డ్‌మైన్’ పత్రిక పేరుతో ప్రచారమునకు వచ్చిన తరగతులవి. ముట్టనిది ‘మింట్’, దాని తరువాతది ‘నియర్ మింట్’, పిదప ‘వెరీ గుడ్ ప్లస్’, ‘వెరీ గుడ్’, ‘గుడ్’. పరీక్షలో ‘గుడ్’ అనిపించుకొన్న విద్యార్థి ఇంటికి పరుగెత్తి చెప్పుకొనును. రికార్డు ‘గుడ్’ అనిపించుకొన్నచో, అందు పాటకంటె గరగర శబ్దమే ముందు వినబడునని అర్థము! కవరుకు వేరుగా, రికార్డుకు వేరుగా తరగతి చెప్పుట మర్యాద. రేడియో కేంద్రములకు పంపిన ప్రతులపై తరచుగా కేంద్రము పేరు గల చీటీయో, సిరాతో వ్రాసిన గుర్తులో ఉండును. వెనుకటివారు దీనిని లోపముగా నెంచి ధర తగ్గించిరి. మా దృష్టిలో అది యోగ్యతాపత్రము. ఏథెన్స్‌లో 1972 నుండి ప్రసారములు చేయుచు వచ్చిన విశ్వవిద్యాలయపు డబ్ల్యు.యు.ఓ.జి. వంటి విద్యార్థి కేంద్రముల బల్లమీద ఏ రాత్రియో తిరిగిన రికార్డునకు, పెట్టెలోనే మూలిగిన రికార్డు ఎట్లు సాటి యగును?

2021లో, నలువది సంవత్సరములు నిండిన సందర్భమున, హిబ్-టోన్ రికార్డును మరల ఏడంగుళముల రూపమున అచ్చొత్తి అమ్మిరి. కావున నేడు ఆ పాటను వినగోరువానికి పాత ప్రతి అవసరము లేదు. అసలు ప్రతిని కోరువాడు ఇపుడు ఆ వేయింటిలో నొకదానిని కోరుచున్నాడు. వినికిడికి, స్వాధీనమునకు గల ఈ తేడాను గుర్తెరిగి తన శక్తి మేరకు నడచుకొనువానికి ఈ అభిరుచి ఆనందదాయకము. గుర్తెరుగనివానికి జేబు చిల్లు.

ఎవరి యింటనైనను ఇట్టి రికార్డులు, అవి ఏ దేశపువైనను, ఏ భాషవైనను ఉన్నచో, వానిని పడుకోబెట్టి దొంతరగా పేర్చరాదు. పుస్తకములవలె నిలువుగా నుంచవలెను. అంచును, నడిమి లేబులును మాత్రమే పట్టుకొనవలెను. గాడిపై వ్రేలు మోపరాదు. మెత్తని పి.వి.సి. కవరులలో దీర్ఘకాలముంచినచో ఆ ప్లాస్టిక్ నుండి వెలువడు ఆవిరి రికార్డుపై మసక పొరను ఏర్పరచును గనుక పాలిథీను తొడుగు మేలు. మన ప్రాంతపు మే నెల ఎండకు కిటికీ ప్రక్కనుంచిన వినైల్ రికార్డు ఒక్క మధ్యాహ్నములో అప్పడమువలె వంకరపోగలదు. ఆ వంకరను తీయుటకు నమ్మదగిన ఉపాయము గృహములలో లేదు.